గుచ్చుకోని పిస్తోలు

ఆయన సంతాపసభలో లేచిన ప్రతి ఒక్కరూ ఇదే చెప్పారు. “ఇన్నేండ్లు నడుముకు పిస్తోలు పెట్టుకొని తిరిగినాడు గానీ, ఒక్కసారన్నా పేల్చినాడా? అంత మంచోడు.” ఆదోని పత్తి వ్యాపారుల సంఘం హాల్లో, చామంతి దండ వేసిన ఆయన ఫోటో పక్కన నిలబడి, ఒకరి తర్వాత ఒకరు ఆ మాటే చెప్పి, కళ్లు తుడుచుకొని కూర్చున్నారు. నేను చివరి వరుసలో కూర్చొని అన్నీ విన్నాను. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా నాకు గుర్తుంటుంది.

పేల్చకపోవడంలో గొప్పేముందో నాకు అర్థం కాదు. వాకిట్లో కట్టేసిన కుక్క ఎవరినీ కరవలేదని దానికి దండ వేస్తామా? ఆ కుక్కను చూసి వేరే వీధిలో తిరిగిపోయినవాణ్ని అడగాలి దాని మంచితనం. ఆయన విషయంలో అట్లా తిరిగిపోయినవాణ్ని నేను. అందుకే నేను రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఊర్లో వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకు తెలియనక్కర్లేదు.

ఎమ్మిగనూరు రోడ్డులో ఆయనది జిన్నింగు మిల్లు. దాని వెనకాల నాది కాటా, అంటే లారీని సరుకుతో సహా తూచే వేబ్రిడ్జి. మా నాయన పెట్టింది. మిల్లు గోడను ఆనుకొని మెయిన్ రోడ్డు నుంచి నా కాటా దాకా ఒక దారి ఉండేది. గోనెగండ్ల నుంచి పత్తి లారీలు, ఆస్పరి నుంచి వేరుశనగ లారీలు ఆ దారిలోనే వచ్చి తూకం వేయించుకొని పోయేవి. ఆ దారి ఆయనకు ముందే ఉంది, మిల్లుకు ముందే ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే చాలు, తక్కిందంతా నేను చెప్తాను.

మనిషి పొట్టి, లావు. తెల్ల చొక్కా, ఒంటికి కావలసినదానికంటే ఒక సైజు పెద్దది, ఎప్పుడూ బయటికి వదిలేసి. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి అందరి చెయ్యిలాగే ఊగేది. కుడి చెయ్యి మాత్రం చంకలో కోడిపిల్లను పట్టుకున్నట్లు ఒంటికి ఆనించుకొని ఉండేవాడు. కొత్తగా పుస్తెలు పడ్డ పిల్ల మాటిమాటికీ మెడ తడుముకున్నట్లు, ఆ చెయ్యి ఉండుండి నడుమును తడిమి వచ్చేది. ఉందా? ఉంది. నాలుగడుగులు వేసి మళ్లీ, ఉందా?

మొదట ఆయన దగ్గర ఉన్నది పెద్ద రివాల్వరు. పత్తి కొనడానికి పల్లెలకు డబ్బు తీసుకొని పోవాలని చెప్పి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ రివాల్వరు మీద ఆయనకు ఎద్దు మీద రైతుకున్నన్ని ఫిర్యాదులు. తర్వాత దాన్ని ఇచ్చేసి చిన్న పిస్తోలు కొన్నాడు, అరచేతిలో ముప్పాతిక భాగం పట్టేది. అప్పటికి మా మధ్య తగాదా లేదు. సాయంత్రాలు నా కాటా గదిలోకి వచ్చి టీ తాగేవాడు. టీ చల్లారిపోయేదాకా ఆ పిస్తోలు గుణగణాలే చెప్పేవాడు.

“సూడప్పా, ఆ పాతదాన్ని పెట్టుకొని కూచుంటే పొట్టలోకి దిగేది. నిలబడితే ప్యాంటు జారేది. బండెక్కితే తొడకు గుచ్చేది. ఇదుండాదే, నా తల్లి, ఉన్నట్లే తెల్దు. బస్సులో కూచో, పీట మీద కూచో, పంక్తిలో బాసింపట్టు ఏసుకొని కూచో. గుచ్చుకోదు.”

“అంత మంచిదైతే ఇంట్లో పెట్టు అన్నా, ఇంకా సుఖంగా ఉంటాది.”

“ఇంట్లో పెట్టేకి తుపాకి యాల? బీరువా సాలదా?”

దాని లోపాలూ చెప్పేవాడు, కాదనను. పిడి పొట్టిదట. “నాలుగు వేళ్లు పట్టేకి జాగా ఉండాది. చిటికెనేలు మాత్రం అనాథ మాదిరి గాల్లో యాలాడతాది” అని ఆ వేలు ఆడించి చూపేవాడు. ఎండాకాలం చెమటకు తుప్పు మచ్చలు వస్తున్నాయని ఆదివారం పొద్దున వరండాలో కూర్చొని పాత బనీను గుడ్డతో నూనె రుద్దేవాడు. దానితోపాటు వచ్చిన తోలు కవరు గరుకుగా ఉందని, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో మెత్తని తోలుతో వేరేది కుట్టించాడు. కొన్నదానికంటే అదే మేలని చూసినవాళ్లందరికీ చొక్కా ఎత్తి చూపించాడు. ఎవరికీ కనపడకుండా పెట్టుకోవడానికి చిన్నది కొన్న మనిషి, అది ఎంత బాగా కనపడకుండా ఉందో ఊరంతా చూపించాడు.

పెళ్లిళ్లలో లైసెన్సు ఉన్నవాళ్లు ఒక మూల చేరేవాళ్లు. అల్లుళ్ల గురించి మాట్లాడుకున్నట్లు ఉండేవి వాళ్ల మాటలు. “మాది కొంచెం బరువు. అయినా నమ్మకం.” “మాది తేలికే గానీ, అప్పుడప్పుడు మొరాయిస్తాది.” వాళ్లలో పేల్చింది ఒక్కడూ లేడు. పేల్చనిది మొరాయిస్తుందని ఎట్లా తెలిసిందో వాళ్లకే తెలియాలి.

మంత్రాలయం పోతే ఇంటిల్లిపాదీ దర్శనానికి లోపలికి పోయేవాళ్లు, ఆయన కారులోనే కూర్చునేవాడు. నడుముకు ఉన్నదాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు, దానితో లోపలికి పోనివ్వరు. భార్య తీర్థం చిన్న సీసాలో తెచ్చి కారు కిటికీలోంచి ఆయన చేతిలో పోసేది. సెలూన్లో కూర్చుంటే, కప్పిన గుడ్డ కింద కుడి చెయ్యి నడుము మీదే. గడ్డం గీసే ఆయన ఒకసారి “అన్నా, ఆ చెయ్యి కదిలితే నా చెయ్యి కదులుతాది” అంటే, “అందుకే కదిలించనప్పా” అన్నాడట. ఆ మాటను సభలో ఒకాయన హాస్యంగా చెప్పాడు. అందరూ నవ్వారు. గీసేవాడు ఎట్లా గీశాడో ఎవరూ అడగలేదు.

“అన్నా, ఇప్పుడు రైతుకు డబ్బంతా బ్యాంకులోకి, ఫోన్లోకి పోతాంది కదా. ఇంగ పిస్తోలు దేన్ని కాపాడేకి?” అని ఒకరోజు అడిగాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా ముఖం వైపు కాసేపు చూసి, “నన్ను కాపాడేకప్పా” అన్నాడు. ఎవరి నుంచి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయనను చంపాలనుకున్నవాణ్ని ఈ ఊర్లో నేను ఇప్పటిదాకా చూడలేదు.

ఇంతవరకూ చెప్పింది నవ్వుకోవడానికి. ఇక మీద చెప్పేదానికి నాకు నవ్వు రాదు.

ఒక పత్తి సీజనుకు ముందు ఆయన దారి మొదట్లో ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. లోపల దారి మీదే పత్తి బేళ్లు పేర్చుకున్నాడు. అడిగితే, “లారీ డ్రైవర్లు బీడీలు తాగి పారేస్తారప్పా, పత్తికి అంటుకుంటే ఎవరు దిక్కు?” అన్నాడు. బీడీలు తాగే డ్రైవర్లు ఆయన మిల్లుకూ వచ్చేవాళ్లే. వాళ్ల బీడీకి అంటుకోని పత్తి, నా కాటాకు వచ్చేవాళ్ల బీడీకే అంటుకుంటుందన్న మాట.

సంఘంలో పంచాయితీ పెట్టించాను. సంఘం పెద్ద నా భుజం తట్టి, “నీ దారి యాడికీ పోదు లేప్పా, మేం లేమా” అన్నాడు. నలుగురు పెద్దలు వచ్చారు. టీ వచ్చింది. ఆయన అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. కుర్చీ లాక్కొని, కూర్చోబోతూ ఆగి, చొక్కా ఎత్తి, రెండు వేళ్లతో ఆ పిస్తోలును తీసి టేబుల్ మీద పెట్టాడు. కింద పేపరు మడత వేసి మరీ పెట్టాడు, బల్లకు గీత పడకుండా.

“కూచుంటే గుచ్చుకుంటాంది” అన్నాడు.

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు వాటిని ఎక్కడ దించాలో తెలియక చేతుల్లోనే ఉంచుకున్నారు. నా భుజం తట్టిన పెద్దాయన దాని వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. “మిల్లంటే పత్తి కదప్పా... నిప్పుతో యవ్వారం... నీ కాటాకు కాలవ పక్క నుంచి కూడా దారి ఉండాది కదా” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి పిస్తోలు పెట్టినాయనతో అన్నాను: “కూచుంటే గుచ్చుకోదని నువ్వే కదన్నా సెప్పింది! బస్సులో గుచ్చుకోదు, పీట మీద గుచ్చుకోదు, పంక్తిలో గుచ్చుకోదు. నా పంచాయితీలోనే గుచ్చుకున్యాదా?”

ఆయన పొట్ట నిమురుకొని, “అప్పుడు సన్నగుంటిని లేప్పా” అన్నాడు.

అందరూ నవ్వారు. పంచాయితీ ఆ నవ్వుతోనే అయిపోయింది. ఎవరు ఎంతసేపు నవ్విందీ, ఎవరు పైపంచె అడ్డం పెట్టుకొని నవ్విందీ ఈ రోజుకూ చెప్పగలను. ఆ నవ్వినవాళ్లే సంతాపసభలో ఏడ్చారు.

స్టేషనుకు పోయాను. “నీ మీద గురి పెట్టినాడా?” అన్నారు. లేదన్నాను. “సంపుతానన్యాడా?” లేదన్నాను. “లైసెన్సున్న సామాను ఆయన టేబుల్ మీద పెట్టుకుంటే నీకేమయ్యా?” తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చాను. సోమవారం సోమవారం కలెక్టరు దగ్గరికి పోయి ఇచ్చాను. ప్రతి అర్జీ తిరిగి తిరిగి, విచారించి చెప్పమని మళ్లీ ఆ సంఘం పెద్దల దగ్గరికే వచ్చేది. ఈలోగా లారీలు కాలవ పక్క దారిలో రావాల్సి వచ్చింది. వాన పడితే చక్రం దిగబడుతుంది, వాన లేకుంటే మలుపు తిరగదు. ఒకరిద్దరు డ్రైవర్లు నా ముఖం చూసి కొన్నాళ్లు వచ్చారు. తర్వాత వాళ్లూ మానేశారు.

మా వైపు ఎలక్షన్లు ప్రకటించగానే ఒక పని జరుగుతుంది. లైసెన్సు తుపాకులన్నీ తీసుకుపోయి స్టేషనులో అప్పజెప్పాలి. ఓట్లు లెక్కపెట్టి, ఊరు సద్దుమణిగాక మళ్లీ ఇస్తారు. అన్నాళ్లూ ఆయన వేరే మనిషి. కుడి చేతిని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. ఒకసారి జేబులో పెట్టేవాడు, ఒకసారి వెనక్కి కట్టుకొనేవాడు. ఎదురైన ప్రతివానికీ తానే ముందు నమస్కారం పెట్టేవాడు. పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాడు.

మొన్నటి ఎలక్షన్లకు నేను దాని కోసమే కాచుకొని ఉన్నాను. ఆయన పిస్తోలు స్టేషనుకు చేరిన వారంలోనే సంఘం పెద్ద వెంటబడి రెండో పంచాయితీ పెట్టించాను. ఇప్పుడు టేబుల్ మీద ఏమీ ఉండదు, ఇప్పుడు మాట్లాడతారు అనుకున్నాను. ఆయన వచ్చాడు, మెల్లగా కూర్చున్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నేను చెప్పుకోవలసిందంతా చెప్పుకున్నాను. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“ఎలక్షన్లు కానీ అప్పా. ఇప్పుడు కోడ్ ఉండాది.”

“దారికి కోడ్ ఏంది?”

“అన్నిటికీ ఉండాదిలే.”

ఓట్ల లెక్కింపు తర్వాత అది మళ్లీ ఆయన నడుముకు వస్తుందని, వచ్చాక ఇదే ఊర్లో తాము తిరగాలని ఆ నలుగురికీ తెలుసు. నేను బయటికి వచ్చి బండి స్టార్టు చేస్తున్నాను. వెనకనుంచి ఆయన వచ్చాడు. పొద్దు కుంకుతోంది.

“అప్పా, ఇంటిదాంక దించుతావా? మా డ్రైవరు కారు తీసుకొని ఎమ్మిగనూరు పోయినాడు. ఇంగా రాల్యా.”

“నన్నా అడిగేది?”

“నిన్నే. నన్ను సంపాలన్నంత కోపం ఈ ఊర్లో నీకొక్కనికే ఉండాది. బండి నువ్వే తోల్తాంటే ఇంగ భయమేముండాది నాకి?”

ఎక్కమన్నాను. వెనక కూర్చొని నా చొక్కా పట్టుకున్నాడు, చిన్నపిల్లలు పట్టుకున్నట్లు, గుప్పెడు గుడ్డ. నేను కావాలనే కాలవ పక్క దారిలో తిప్పాను. బండి ఎగిరి ఎగిరి పడుతోంది. “ఇదే అన్నా నువ్వు నాకిచ్చిన దారి” అన్నాను. “అబ్బా, నా నడుములిరిగె! ఈ దారిలో లారీలు ఎట్ల వస్తాయప్పా?” అన్నాడు. “రావు” అన్నాను.

ఇంటి ముందు దిగి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. “నాకి తెల్దప్పా ఇంత అధ్వాన్నంగా ఉందని. ఎలక్షన్లు కానీ. గేటు తీపిస్తా. మాయమ్మ ఆన.” కళ్లలోకి చూసి చెప్పాడు. ఇంటికి పోయి నా భార్యకు చెప్తే, “నమ్మినావా?” అంది. నమ్మాను. దారంతా నా చొక్కా వదలని చేతులవి, అందుకని నమ్మాను.

లెక్కింపు అయింది. స్టేషనులో తుపాకులు తిరిగి ఇచ్చారని విని, వారం ఆగి, బజార్లో ఎదురు పోయాను. కుడి చెయ్యి మళ్లీ ఒంటికి అతుక్కొని ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టలేదు. నేనే పెట్టాను.

“అన్నా, గేటు?”

“ఏ గేటప్పా?” అన్నాడు.

పక్కన బట్టల కొట్టు ముందు మనుషులు ఉన్నారు. నేను పక్కకు తప్పుకున్నాను. కాలవ దారిలో నా చొక్కా పట్టుకొని వచ్చిన మనిషి మాట ఇచ్చాడు. బజార్లో నిలబడినవాడు ఆ మాట ఎరగనన్నాడు. మొదటివాణ్ని నేను క్షమించి ఉండేవాణ్ని. వాడితో కలిసి టీ తాగేవాణ్ని కూడా. వాణ్ని నాకు దక్కకుండా చేశాడని రెండోవాడి మీద నా కోపం. అది చావుతో పోయే కోపం కాదు.

ఆయన పొద్దున స్నానానికి పోయి అక్కడే కూలబడిపోయాడు. గుండె. చూడడానికి పోయాను, పక్కవాణ్ని కదా, పోకుంటే ఆ మాటా నా మీదే పడుతుంది. ఆయన భార్య నన్ను చూసి, “స్నానానికి పోయేటప్పుడు ఒక్కటే అది ఇడిసిపెట్టేదప్పా” అంది. పిస్తోలు మంచం మీద దిండు కింద ఉందట. కొడుకు దాన్ని ఆ రోజే తీసుకుపోయి స్టేషనులో అప్పజెప్పాడు. ఎలక్షన్లు లేవు, లెక్కింపు లేదు, ఇక అది తిరిగి రాదు అనుకున్నాను.

కర్మాంతరం అయినాక మిల్లుకు పోయాను. కొడుకు మంచి మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు.

“మామా, నాయన ఏదో సేసినాడు. మీరు మనసులో పెట్టుకోవద్దండి. సూస్తాం.”

“ఏం సూస్తావు నాయనా? తాళం తీస్తే సాలు కదా.”

“సూస్తాం మామా. టీ తాగండి.”

తాగలేదు. వచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం ఒక కానిస్టేబులు నా కాటా గదికి వచ్చాడు. చెమటలు కక్కుతూ ఫ్యాను కింద కూర్చున్నాడు. కొడుకు లైసెన్సుకు పెట్టుకున్నాడట, నాయన పిస్తోలు తనకే ఇప్పించమని. ఇరుగుపొరుగు వాళ్లను విచారించాలట.

“సెప్పండన్నా. ఆ పిల్లోనికి ఎవరితోనన్నా తగాదా ఉండాదా? ప్రాణభయం ఏమన్నా ఉండాదా?”

తగాదా ఉందంటే, లైసెన్సుకు కావలసింది అదే. తగాదా ఉంది, భయం ఉంది, ఇవ్వండి అని ఇస్తారు. లేదంటే, దారి గురించి నాకు ఏ తగాదా లేదని నేనే పోలీసుకు చెప్పినట్లు. రేపు ఏ ఆఫీసుకు పోయినా నా మాటే నా ముఖాన కొడతారు.

కానిస్టేబులుకు నా ఇబ్బంది తెలిసింది. మంచివాడే. “లేదని సెప్పేయండన్నా. వానికి తుపాకి రాకుంటే మీకే కదా మేలు” అన్నాడు.

“లేదంటే నా దారి?”

“దారి సంగతి నాకి తెల్దన్నా. నన్ను తుపాకి సంగతి అడిగి రమ్మన్యారు.”

“అయితే రాసుకో. తగాదా ఉండాది. దారి తగాదా. నాతోనే. గేటు వాళ్లది, నష్టం నాది. భయం కూడా నాదే, వాళ్లకు కాదు. ఇన్నేండ్లు భయపడింది నేను.”

అతను రాస్తూ రాస్తూ ఆగాడు. “భయం మీదని రాసేకి కుదరదన్నా. లైసెన్సు అడిగింది మీరు కాదు కదా. తగాదా ఉండాదని మటుకు రాసుకుంటా. సరేనా? బాగా ఆలోసన సేసుకోండి. దీంతో వానికి వచ్చేస్తాది.”

వస్తుందని నాకూ తెలుసు. ఆ పిల్లవాడు దాన్ని నడుముకు పెట్టుకొని నా ముందు నుంచే తిరుగుతాడని, నాలుగు రోజులు పోతే దాని గుణగణాలు ఊరందరికీ చెప్తాడని తెలుసు. తిరగనీ. లేని తగాదాను ఉందనలేదు నేను. ఉన్నదాన్ని లేదని చెప్పి బతికిన పెద్దలు ఆ సంఘంలో ఉన్నారు, వాళ్లు చాలు.

పెన్ను తీసుకున్నాను. పొడి అక్షరాలు కాకుండా, ఇంటిపేరు, మా నాయన పేరు, నా పేరు మొత్తం తెలుగులో రాసి సంతకం పెట్టాను.